ఆముదం పూసుకున్న పెట్ట

ఆముదం గానుగ ఆడే దొడ్డిలో నూకాలు అనే కోడిపెట్ట పిల్లల్ని వేసుకుని బతుకుతోంది. పొదిగి లేచిన దగ్గర్నుంచీ దానికి ఒంటి మీద ధ్యాస లేదు. ఈకలు ఎప్పుడూ రేగే ఉంటాయి, చిరిగిన పరుపులోంచి దూది బయటపడ్డట్టు. కానీ ఆ రేగిన ఈకలతోనే కిందటి వారం పిల్లల మీదకు దిగిన కాకిని చూరు దాకా తరిమి, తోకలో రెండు ఈకలు పీకింది.

వెనక గుంటలో ఉండే బాతు ఇంట రేపు బారసాల. నూకాలు పిల్లల్లో అందరికన్నా చిన్నది బుడిగి, గుంట దగ్గర ఆడుకుని ఏడుస్తూ వచ్చింది.

"అమ్మా, బాతుపిల్లలు నిన్ను చింపిరిదంటున్నారే. వాళ్లమ్మ ఎంత నున్నగా ఉంటుందో! రేపు నువ్వూ అలా రావా?"

నూకాలు మనసు చివుక్కుమంది. తననేమన్నా పడేది. పిల్ల నలుగురిలో తల దించుకుంటే చూడలేకపోయింది.

చూరు మీద కాకి ఇదంతా విననే విన్నది. "వదినా, పాత గొడవ మనసులో పెట్టుకోకు. నన్ను చూడు, ఒక్క ఈకైనా లేచి ఉందా? ఒంటికి ఇంత ఆముదం పట్టించావంటే నువ్వూ నిగనిగలాడిపోతావు. చక్కనమ్మ చిక్కినా అందమే, నీకేం తక్కువ?"

"నీ మాట నేను నమ్మాలా?"

"నమ్మకపోతే మానెయ్. నవ్వేది బాతులు, నవ్వులపాలయ్యేది నీ పిల్ల. మధ్యలో నాకేం పోయింది?"

గానుగెద్దు మల్లన్న నడక ఆపింది. "వద్దే అమ్మాయ్. ఆముదం అంటితే ఓ పట్టాన వదలదు. నా తోకకున్న జిడ్డు నిరుటిది. పసిపిల్లల తల్లివి, నీకెందుకే ఈ సోకు?"

"తిరిగిన చుట్టే తిరిగేవాడివి, నలుగురిలోకి వెళ్లే సంగతి నీకేం తెలుసు మావా?" అనేసింది నూకాలు. మర్నాడు పొద్దున్నే గానుగ కింద కారిన ఆముదంలో పొర్లింది.

నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది. ఈకలన్నీ ఒంటికి అంటుకుపోయి సన్నగా, నాజూగ్గా తేలింది. బుడిగి చుట్టూ గంతులేస్తూ, "మా అమ్మే! ఈవిడ మా అమ్మే!" అని కనబడ్డవాళ్లందరికీ చూపించింది. నూకాలు జన్మలో అంత సంతోషం ఎరగదు.

గుంట గట్టెక్కారో లేదో, మీద కాకి నీడ పడింది. నూకాలు కేక పెట్టింది. పిల్లలన్నీ పరిగెత్తుకొచ్చి అలవాటు చొప్పున రెక్కల కింద దూరబోయాయి. దూరడానికి అక్కడ చోటేది? ఈకకు ఈక అతుక్కుపోయింది. పిల్లలు జారి బయటే పడ్డాయి. నూకాలు ఒళ్లంతా నిక్కబొడుచుకోబోయింది. ఒక్క ఈకా లేవలేదు.

"ఇంతేనా వదినా నువ్వు?" కాకి పకపకా నవ్వింది. "ఇంత బక్కప్రాణికా నేను ఇన్నాళ్లూ భయపడింది!"

బుడిగిని ముక్కున కరుచుకుని లేచిపోయింది. "అమ్మా!" అన్న పిలుపు తుమ్మచెట్టు దాకా వినబడింది. ఆ తర్వాత వినబడలేదు.

కేక విని బాతు గట్టెక్కి వచ్చింది. నూకాలుని చూసి దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా ఒంటి నూనె సోకుకి కాదమ్మా. నీళ్లలో బతికేదాన్ని, అది లేకపోతే మునిగిపోతాను. నీకెవరు చెప్పారే తల్లీ ఈ పని చెయ్యమని?"

నూకాలు దొడ్డికొచ్చి దుమ్ములో పొర్లింది, బూడిదలో పొర్లింది. జిడ్డు పోలేదు సరికదా, దుమ్ము అట్టలు కట్టింది. సాయంత్రం చలిగాలి మొదలయ్యేసరికి మిగిలిన పిల్లలు వణుకుతుంటే, మల్లన్న పక్కకు ఒరిగి వాటిని తన పొట్ట దగ్గర పడుకోనిచ్చింది.

"మావా," అంది నూకాలు, "పొద్దున అది నన్ను చూసి ఎంత మురిసిపోయిందో నువ్వు చూశావా?"

"చూశానమ్మా."

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే: నలుగురి కంటికి నచ్చే ముస్తాబు కోసం, మనవాళ్లను కాచే రెక్కను వదులుకోకూడదు.