చదవడానికే తెరుచుకున్న డిస్కు

మూడు రోజులుగా రేవణయ్య ఆ డిస్కుతో కుస్తీ పడుతున్నాడు. అది చదవనిస్తుంది, రాయనివ్వదు. ఒక్క అక్షరం మార్చబోయినా అనుమతి లేదంటుంది.

డిస్కు గురుపాదానిది. మఠంలో రేవణయ్య కంటే ముందు చేరిన శిష్యుడు, రేవణయ్య అన్నా అని పిలిచేవాడు. పశువైద్యం తాళపత్రాలను నాలుగేళ్లపాటు కంప్యూటరులోకి ఎక్కించాడు. పాత యంత్రం పాడైపోతే దాని డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా మార్చుకుని, మఠంలోని లినక్స్ యంత్రం లోపలే మరో యంత్రంలా నడుపుకునేవాడు. సాయంత్రం పని ఆపేటప్పుడు దాన్ని మూసేవాడు కాదు, నిద్రపుచ్చేవాడు. మర్నాడు లేపితే పుట ఆగినచోటే ఉండేది.

పదకొండు రోజుల కిందట జ్వరంతో పోయాడు.

అప్పటికి ఇద్దరికీ మాటల్లేవు. ఒక తాటాకులో మందు పేరు గురుపాదం తప్పు చదివాడని రేవణయ్య నలుగురిలో నవ్వాడు. అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. జ్వరమని తెలిసినా రేవణయ్య చూడబోలేదు. ఆ సంగతి ఇప్పుడతన్ని లోలోపల తినేస్తోంది. పైకి మాత్రం, తప్పులన్నీ దిద్ది పుస్తకం పూర్తిచేస్తే అదే అన్న రుణం తీర్చుకోవడమని చెప్పుకుంటున్నాడు. తనను తాను నమ్మించుకోవడంలో మనిషిని మించినవాడు లేడు.

ఫైలును తన పేరు మీదికి మార్చుకున్నాడు. అనుమతులన్నీ బార్లా తెరిచాడు. సర్వాధికారాలున్న రూట్‌గా లోపలికి వెళ్లాడు. ఊహూఁ, అది లొంగలేదు. చివరికి ఒక బలవంతపు ఆదేశం దొరికింది. నిద్రలో దాచుకున్నదంతా చెరిపేసి రాసుకోనిస్తుందట. దాన్ని టైపు చేసి ఎంటర్ మీద వేలు పెట్టాడు.

అప్పుడే మఠం పెద్ద నిజలింగ స్వామి లోపలికి వచ్చారు.

"ఇంకా కాలేదా నాయనా?"

"లేదు స్వామీ. ఈ యంత్రానికి యజమానిని నేనే. అయినా నన్నే రానివ్వడం లేదు. ఇంక బలవంతం చేయాల్సిందే."

"అదేమంటాంది?"

"ఏవో హెచ్చరికలు స్వామీ."

"చదువు."

రేవణయ్య విసుగ్గా చదివాడు. "లోపలి యంత్రం నిద్రలో ఉంది. దాన్ని లేపి, సరిగ్గా మూసినాకనే రాయడానికి వీలు."

"మూడు దినాలుగా ఇదే చెప్తాందా?"

"అవును స్వామీ."

"మరి లేపినావా?"

అన్న తప్పులు దిద్దాలని ఉంది గానీ, అన్న చివరిసారి చూసిన తెరను చూసే ధైర్యం రేవణయ్యకు లేదు.

మూలనున్న గురుపాదం పీటను స్వామి తెచ్చుకున్నారు. ఎనభై ఏళ్ల మనిషి, మోకాళ్లు పట్టుకుని, జబ్బు మనిషి మంచం పక్కన కూర్చున్నట్టు మెల్లగా కూర్చున్నారు. ఎంటర్ మీదున్న రేవణయ్య వేలిని తీసి పక్కన పెట్టారు.

"లేపు. నేనుంటా."

రేవణయ్య ఆ ఆదేశాన్ని చెరిపేసి, లోపలి యంత్రాన్ని నడిపాడు. బయట ముసురు పట్టి ఉంది. తెర చాలాసేపు నల్లగానే ఉండిపోయింది. తర్వాత గురుపాదం పుట వచ్చింది, నూట పన్నెండో ఆకు. అది సేవ్ చేయని పుట. బలవంతం చేసి ఉంటే ఈపాటికి ఉండేది కాదు.

చివరి వరుస కింద ఎర్ర అక్షరాలున్నాయి.

"ఈ మందు పేరు రేవణుడు చదివిందే సరి. నవ్వినా వాడి చూపు మంచిది. మిగతా ఆకులు వాడికే చూపించాలి. జ్వరం తగ్గినాక నేనే పోయి అడుగుతా."

"ఏం రాసినాడు?" స్వామికి చూపు ఆనదు.

రేవణయ్య చదవబోయి, మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. స్వామి మళ్లీ అడగలేదు.

రేవణయ్య ఆ పుటను సేవ్ చేశాడు. యంత్రాన్ని సరిగ్గా మూశాడు. డిస్కు ఫైలును మళ్లీ తెరవబోతే, ఈసారి అది మారుమాట లేకుండా రాయడానికి కూడా తెరుచుకుంది.

స్వామి మోకాళ్ల మీద చేతులాన్చి లేచారు.

"ఇంక రాసుకో నాయనా. నిన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు."

రేవణయ్య చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి.