ఆవిరిగదిలో తగ్గిన రాజు

పూర్వం భూపాలవర్మ అనే స్థూలకాయుడైన రాజు ఉండేవాడు. ఆయన బరువు తగ్గించడానికి ఆస్థాన వైద్యుడు విరూపాక్షశాస్త్రి ఆయనను రోజూ ఆవిరిగదిలో కూర్చోబెట్టి, మంచినీళ్లు బాగా తగ్గించాడు. పక్షం గడిచాక తక్కెడలో తూచితే బరువు తగ్గింది. కాని, కొవ్వు నీటిపై తేలుతుంది కనుక, ఆయనను తొట్టి నీటిలో ముంచి ఎంత తేలుతున్నాడో చూసి లెక్క కట్టగా, దేహంలో కొవ్వు వంతు మునుపటికంటే పెరిగింది.

“నేను తగ్గానా, పెరిగానా?” అన్నాడు రాజు అయోమయంగా.

శాస్త్రికీ తెలియలేదు. తెలియదనడానికి నోరు రాలేదు.

“వంటమనిషి చాటుగా నెయ్యి కలుపుతోంది, ప్రభూ.”

వంటమనిషి చెంగమ్మను పిలిపించి, తప్పు రుజువైతే దేశం విడిచి పోవాలన్నారు. ఆమె గిన్నెడు పాలు తెచ్చింది.

“ఇందులో వెన్న ఎంత వంతుంటుంది, శాస్త్రిగారూ?”

“ఇరవయ్యో వంతు.”

చెంగమ్మ ఆ పాలను అందరి ఎదుటా సగానికి మరిగించింది.

“ఇప్పుడో?”

“పదో వంతు.”

“గిన్నె తేలికైంది, వెన్న వంతు రెట్టింపైంది. మరి ఇందులో నెయ్యి ఎవరు పోశారు బాబూ?”

రాజు ఎండిన పెదవులు తడుముకున్నాడు.

“అయితే నాలో తగ్గింది...”

“నీళ్లే, దొరా. కొవ్వు ఉన్నచోటే ఉంది.”

చెంగమ్మకు శిక్ష తప్పింది. రాజు దాహం తీరా నీళ్లు తాగాడు. మర్నాడు చూస్తే బరువు పెరిగింది, కొవ్వు వంతు తగ్గింది. ఆయన మళ్లీ అయోమయంలో పడ్డాడు.

“ఇప్పుడు సంతోషించాలా, విచారించాలా, చెంగమ్మా?”

“ముందు ఊరి పొలిమేర దాకా నడిచి రండి దొరా. దారిలో కొలుచుకోవాలనిపిస్తే, తొట్టి శాస్త్రిగారు మోసుకొస్తారు.”