నిటారుగా కూర్చున్న సోమవారం

శరభయ్యకు పుట్టుకతోనే ఒళ్లు తెలుపు, జుట్టు తెలుపు, కనురెప్పల వెంట్రుకలు కూడా తెలుపే. మఠంలో తోటివాళ్లు "దొరగారూ" అని పిలిచేవాళ్లు. అదైనా భరించవచ్చు. అసలు చిక్కు చూపు ఆనకపోవడం. పుస్తకం ఒళ్లో పెట్టుకుంటే ముక్కు కాగితానికి తగిలేదాకా వంగాలి. ఒక్క అధ్యాయం చదివేసరికి మెడ పట్టేసేది, నడుము మండిపోయేది.

"దొరగారు అక్షరాలు వాసన చూస్తున్నారు" అని పెద్ద శిష్యుడు బసవలింగం నవ్వేవాడు. గురువు చెన్నమల్లయ్య స్వామి నవ్వేవారు కాదు గానీ, అటుగా పోతూ వీపు తట్టి, "నిటారుగా కూర్చో నాయనా. వెన్ను వంగితే మనసు కుంగుతుంది" అనేవారు. శరభయ్య సర్దుకుని కూర్చునేవాడు. స్వామి వెళ్లగానే దొంగలా మళ్లీ వంగేవాడు. నొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు. నొప్పికన్నా సిగ్గు పెద్దది.

సోమవారం మధ్యాహ్నాలు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పురాణం వినడానికి వస్తారు. ఒక సోమవారం చదివే వంతు శరభయ్యకు వచ్చింది. అంతమంది ముందు వంగడమా! నెల రోజులు తలుపేసుకుని అధ్యాయమంతా బట్టీ పట్టాడు. ఆ రోజు గుంజలా నిటారుగా కూర్చుని, అంచనాగా పుటలు తిప్పుతూ, అధ్యాయం చివర బిడ్డ అడవిలో తప్పిపోయేదాకా గడగడా అప్పజెప్పేశాడు. స్వామి "శభాష్" అనడం వినబడింది.

ముందు వరసలోని ముసలమ్మ చేతులు జోడించింది.

"బాగ సదివినావు నాయనా. అడివిలో ఆ బిడ్డ ఏమైపోయెనో తెలీకుండా ఎట్ల ఇంటికి పోయేది? ఇంగొక్క పుట సదువు."

ఆ పుట అతనికి రాదు. కిందికి చూశాడు. అంతా మసక. తెల్లటి ఒంటి మీద సిగ్గు కూడా దాగదు, చెవుల దాకా ఎర్రబడిపోయాడు. వెనక బసవలింగం కిసుక్కుమన్నాడు.

"బట్టీ పట్టినాను స్వామీ" అన్నాడు చివరికి. "నిటారుగా కూర్చుంటే నాకు ఒక్క అక్షరం కనపడదు."

స్వామి పీఠం దిగి వచ్చారు. అతని ఎదురుగా నేల మీద కూర్చుని, పుస్తకాన్ని రెండు చేతులతో ఎత్తి అతని ముక్కు ముందు పట్టుకున్నారు.

"చదువు."

శరభయ్య తల వంచకుండా చదివాడు. అలవాటు కొద్దీ ఒక చెయ్యి మెడ మీదికి పోయింది. సగం పుట అయ్యేసరికి స్వామి చేతులు వణకసాగాయి.

"మీ చేతులు నొస్తాయి స్వామీ."

"నీ మెడ ఎన్నాళ్ల నుంచి నొస్తోంది?"

శరభయ్య మెడ మీది చెయ్యి తీసేశాడు. "పన్నెండేళ్లు."

స్వామి తల దించుకున్నారు. పుస్తకం మాత్రం దించలేదు.

బసవలింగం గబగబా వచ్చి పుస్తకం అందుకోబోయాడు. స్వామి ఇవ్వలేదు.

"ఈ పుట నన్ను పట్టుకోనీ" అన్నారు. "పన్నెండేళ్లూ వీణ్ని నిటారుగా కూర్చోమన్నది నేనే."