గవరమ్మ తిరగడం మానేసింది

కొండవాలులో జీడిమామిడి తోట, దాని కింద వేరుశనగ చేను. చేను పీకిన వారం ఉడుత గవరమ్మకి ఊపిరి సలపలేదు. పిల్లలు ముగ్గురు. ఎండాకాలం వస్తే ఆ వాలు మీద గింజ దొరకదు. రైతులు వదిలేసిన కాయలన్నీ ఏరి, ఇరవై చోట్ల పాతిపెట్టింది.

ఆ తర్వాత భయం పట్టుకుంది. మర్చిపోతే? రోజూ పొద్దున్నే ఇరవై చోట్లకీ వెళ్ళి, మట్టి గీకి, కాయలు చూసుకుని, మళ్ళీ కప్పి వచ్చేది. చూసిన కాసేపు మనసు నిమ్మళంగా ఉండేది.

గట్టు బొరియలోంచి పందికొక్కు దాలయ్య ఇదంతా చూస్తూ ఉండేవాడు.

నాలుగో రోజుకి నాలుగు చోట్ల కాయల్లేవు. గవరమ్మ అటూ ఇటూ తవ్వి, కూలబడింది.

"ఏటి కోడలా, అలా ఉన్నావు?" అన్నాడు దాలయ్య, మూతికంటిన మట్టి తుడుచుకుంటూ.

"పెట్టిన చోటు మర్చిపోతున్నాను మావయ్యా."

"పిల్లల తల్లివి, ఆమాత్రం మరుపు రాదా? రెండు పూటలా చూసుకో. చూసేకొద్దీ బుర్రలో నాటుకుంటుంది."

గవరమ్మ రెండు పూటలా తిరిగింది. ఇంకో రెండు చోట్లు ఖాళీ అయ్యాయి.

వాగు దగ్గర తాబేలు అప్పన్న తాతతో చెప్పుకుని ఏడ్చింది. తాత ఓదార్చలేదు.

"కళ్ళు మూసుకో. జంట జీడిచెట్ల దగ్గర దాచింది ఏ పక్కన?"

"పొద్దున్నే చూశాను తాతా..."

"చూశావులే. ఏ పక్కన?"

గవరమ్మ ఎడమ పక్కన అంది, కాదు కాదు కుడి పక్కన అంది.

"ఎదురుగా ఉన్నదాన్ని పోల్చుకోవడం వేరు, లేనిదాన్ని గుర్తు తెచ్చుకోవడం వేరు. నువ్వు రోజూ మొదటిదే చేస్తున్నావు. పైగా దొంగకి దారి చూపిస్తున్నావు. కాయలు పోయిన చోట గుంట లోతు చూశావా? ఆ గీతలు నీ గోళ్ళవేనా?"

గవరమ్మకి దాలయ్య మూతి మీది మట్టి కళ్ళకు కట్టింది.

"మరేం చెయ్యను తాతా?"

"చోట్లు మార్చు. మార్చాక అటు పోకు. కూర్చున్న చోటే కళ్ళు మూసుకుని, వాగు నుంచి కొండ దాకా మనసులో నడువు. ఒక్కో చోటూ చెప్పుకో. తట్టకపోతే కాసేపు వెతుక్కో. అప్పటికీ రాకపోతే ఆ ఒక్కటీ వెళ్ళి చూడు. రేపు మళ్ళీ చెప్పుకో, తర్వాత మూడు రోజులకి, ఆ తర్వాత వారానికి."

మర్నాడు మిట్టమధ్యాహ్నం, దాలయ్య నిద్రపోయే వేళ, మిగిలిన పద్నాలుగూ మార్చేసింది. పిడుగు పడ్డ తాటిమొద్దు, పాము కుబుసం వదిలిన రాతి సందు, ఎర్రచీమల పుట్ట వెనక... ఇలా చూడగానే మనసులో నిలిచే చోట్లే ఎంచుకుంది.

మొదటిరోజు ఎనిమిది చెప్పి ఆగిపోయింది. తల వాచిపోయినట్టయింది. ఒక్కసారి పోయి చూసొద్దామని కాళ్ళు లాగాయి. కొమ్మని గట్టిగా పట్టుకుని కూర్చుంది. తొమ్మిదోది వచ్చింది, చాలాసేపటికి పదోది. మిగతావి దాలయ్య నిద్రపోయే వేళ వెళ్ళి చూసుకుంది. వారం తిరిగేసరికి పద్నాలుగూ గడగడా వచ్చాయి.

దాలయ్య పాత గుంటలన్నీ తవ్వాడు. ఏమీ దొరకలేదు. చెట్టు కిందికొచ్చి, "కోడలా, చూసుకోవడం మానేశావేం? మర్చిపోతావమ్మా!" అన్నాడు.

"ఇప్పుడే అన్నీ చూసొచ్చాను మావయ్యా."

"ఎక్కడ చూశావు? పొద్దున్నుంచీ నిన్నే కనిపెట్టుకుని ఉన్నాను, కొమ్మ దిగలేదు కదా!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"అలాగా," అంది గవరమ్మ. కళ్ళు మూసుకుని మళ్ళీ వాగు దగ్గర మొదలుపెట్టింది.

ఉడుత కాయలున్నాయన్న ధీమాతో దాలయ్య ఆ ఏడు తన బొరియలోకి ఒక్క గింజ కూడా చేర్చుకోలేదు. ఎండలు ముదిరాక డొక్కలెండి, కొండ దాటి వెళ్ళిపోయాడు. గవరమ్మకి పద్నాలుగు చోట్లలో పదమూడు దొరికాయి. ఒకటి ఎంత వెతికినా దొరకలేదు. పిల్లలు ముగ్గురూ బతికారు.

నీతి: చూడకుండా చెప్పగలిగినప్పుడే ఒక విషయం గుర్తున్నట్టు.