సుంకమ్మ చిటికెడు

దస్తగిరి ఉస్తాద్ దగ్గర పనికి చేరిన మూడో ఏటికి జిలానీకి రెండు వందల మందుల కూర్పు కంఠస్థమయింది. ఆ మూడేళ్ళలోనే రోగులంటే విసుగు కూడా పూర్తిగా అబ్బింది.

కర్నూలు పాతబస్తీలోని ఆ యునాని దవాఖానాలో ముందుగదిలో హకీంగారు నాడి చూసి చీటీ రాసేవారు. పక్కగదిలో ఉస్తాద్ ఆ చీటీ ప్రకారం మందు నూరి, తూచి, పొట్లం కట్టేవారు. కిటికీ దగ్గర కూర్చుని పొట్లాలు అందించడం, ఎలా వాడాలో చెప్పడం జిలానీ పని.

"నా మాట ఎవరూ వినరు ఉస్తాద్," అన్నాడతను ఒక బుధవారం ఉదయం. "తేనెతో తినమంటే బెల్లంతో తింటారు. పరగడుపున అంటే అన్నం తిన్నాక గుర్తు తెచ్చుకుంటారు. తగ్గలేదని మళ్ళీ నా ముందుకే వచ్చి నిలబడతారు. చెప్పడం వరకే కదా మన పని?"

ఉస్తాద్ నూరడం ఆపలేదు. "కిటికీ దగ్గర ఎవరో ఉన్నారు, చూడు బేటా," అన్నారు.

వచ్చింది సుంకమ్మ. ఊరి చివర సున్నపు బట్టీలో పనిచేసే మనిషి. ఆమె భర్త మద్దిలేటికి కాళ్ళూ కడుపూ వాచి మూడు వారాలయింది. హకీంగారు వాళ్ళ గుడిసెకే వెళ్ళి చూసి, ఒంట్లోని నీరు తీసే చూర్ణం రాశారు. గోరువెచ్చని నీళ్ళలో చిటికెడు, రెండు పూటలా. ఆ చూర్ణం కోసం ఆమె రావడం ఇది మూడోసారి.

"మళ్ళీ అయిపోయిందా?" అన్నాడు జిలానీ.

"అయిపోయింది సామీ."

"అది పదిహేను రోజుల మందు. మీ ఇంట్లో వారానికే ఎట్లా అయిపోతుంది? మీ ఎలుకలకు కూడా వాపులున్నాయా?"

వెనక నిలబడినవాళ్ళలో ఎవరో నవ్వారు. సుంకమ్మ నవ్వలేదు.

"వాపు దిగింది సామీ. మనిషే లేయలేకుండాడు. పొద్దున మూడుసార్లు కక్కినాడు. కండ్లు తెరిచి నన్ను చూసి, ఎవరు నువ్వని అడిగినాడు."

"నేను చెప్పినట్టు వేస్తే ఎందుకట్లా అవుతాడు? ఎంత వేయమన్నాను?"

"చిటికెడు."

"ఎన్ని పూటలు?"

"రెండు."

"మరి ఎంత వేస్తున్నావు?"

"చిటికెడే ఏస్తాండా సామీ. నా బిడ్డల మీద ఒట్టు."

జిలానీ వెనక్కి తిరిగాడు. "విన్నారా ఉస్తాద్? ఇక్కడ అన్నీ అప్పజెబుతుంది. ఇంటికి పోయి సగం ఒలకబోస్తుంది. నాలుగుసార్లు చెప్పాను ఈమెకు. నాలుగుసార్లు. ఇంకొక పొట్లం కట్టి పంపడం తప్ప నేనేం చేయను?"

కల్వం చప్పుడు ఆగింది. ఉస్తాద్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచారు. కిటికీ పక్కనున్న తలుపు గడియ తీశారు.

"లోపలికి రా తల్లీ," అన్నారు.

మందులు నూరే ఆ గదిలోకి రోగుల తాలూకు మనిషి రావడం జిలానీ ఎన్నడూ చూడలేదు.

ఉస్తాద్ ఆమెను చాప మీద కూర్చోబెట్టారు. ముందు ఒక గిన్నెలో అదే చూర్ణం పెట్టారు, లోటాలో నీళ్ళు పెట్టారు. "ఇంట్లో ఎట్లా కలుపుతావో ఇక్కడా అట్లే కలుపు. నేను చూస్తాను, అంతే."

సుంకమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. వేళ్ళ కొనలు సున్నానికి తెల్లబారి, పగిలి, గోళ్ళ దాకా బండబారి ఉన్నాయి. ఆ వేళ్ళు చూర్ణంలో మునిగాయి, నలిపాయి, మళ్ళీ లోతుగా మునిగాయి. ఆమె వాటిని చూడటం లేదు. దూరం నుంచి వచ్చే పిలుపు కోసం చెవి ఒగ్గినట్టు, ముఖం పక్కకు తిప్పి ఉంది. కాసేపటికి చెయ్యి పైకెత్తింది.

"అంతసేపు ఎందుకమ్మా?" అన్నారు ఉస్తాద్.

"ఈ సున్నపు ఏళ్ళకు తెలీదు సామీ. పట్టినట్టు తెలిసేదాకా పడతా. తక్కువైతే ఆయనకు సాలదని."

"నీళ్ళలో వేయొద్దు. ఇందులో వెయ్యి." ఆయన త్రాసు ఎత్తి పట్టుకున్నారు. ఆమె వేసింది. ఒక పళ్ళెం కిందికి దిగింది.

"బేటా, ఇప్పుడు నీ చిటికెడు."

జిలానీ రెండో పళ్ళెంలో వేశాడు. త్రాసు కదలలేదు. ఉస్తాద్ చెయ్యి దించలేదు. జిలానీ ఇంకొక చిటికెడు వేశాడు. అప్పుడు రెండు పళ్ళేలూ సమానమయ్యాయి.

సుంకమ్మ త్రాసును చూసింది. తన వేళ్ళను చూసుకుంది. "అంటే... నేనేనా సామీ, ఆయన్ను..."

"నువ్వు కాదు తల్లీ," అన్నారు ఉస్తాద్. ఆయన జిలానీ వైపు చూడలేదు.

చూసినా కనిపించేవాడు కాదు. జిలానీ అప్పటికే హకీంగారి గదిలో ఉన్నాడు.

హకీంగారు చేతిలో ఉన్న నాడి వదిలేసి జట్కా పిలిపించుకున్నారు. మద్దిలేటికి మూడు రోజులు ఆ చూర్ణం ఆపించి, బార్లీ గంజి పట్టించమన్నారు. ఆ తర్వాత మొదలుపెట్టవలసిన మందును జిలానీ ఆ మధ్యాహ్నమంతా కూర్చుని తూచాడు. ఒక్కొక్క పూటకు ఒక్కొక్క పొట్లం. పొద్దుటివి తెల్లకాగితంలో, సాయంత్రానివి నీలికాగితంలో కట్టాడు. అలా కట్టమని అతనికి ఎవరూ చెప్పలేదు.

పద్దెనిమిదో రోజున సుంకమ్మ వచ్చింది. ఖాళీ కాగితాలన్నీ మడిచి, కొంగున ముడివేసి తెచ్చింది. విప్పి కిటికీ గట్టు మీద పెట్టింది.

"ఎలకలు తినలేదు. చూసుకో సామీ."

జిలానీ తల వంచుకున్నాడు. "ఎట్లున్నాడు?"

"బట్టీకి పోతానంటాడు. తిట్టి కూర్చోబెట్టినా. నేనెవరో ఇప్పుడు బాగా తెలుసు ఆయనకు."

ఆమె వెళ్ళిపోయాక అతను చాలాసేపు ఆ కాగితాలు తీయలేదు. తెల్లవి ఒకపక్క, నీలివి ఒకపక్క ఉన్నాయి.

"ఉస్తాద్, ఆమెను లోపలికి పిలవాలని ఆ రోజు మీకెలా తోచింది?"

ఉస్తాద్ త్రాసు పళ్ళెం తుడుస్తున్నారు. తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడిచారు.

"మా తమ్ముడు పోయినప్పుడు వాడికి మందు కట్టింది నేనే," అన్నారు. "నాలుగుసార్లు చెప్పాను కూడా."

త్రాసును మేకుకు తగిలించి, కల్వం ముందు కూర్చున్నారు.

కిటికీ అవతల ఒక ముసలాయన పొట్లం కోసం చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు. జిలానీ పొట్లం తీసుకున్నాడు గానీ, ఆ చేతిలో పెట్టలేదు. లేచి వెళ్ళి తలుపు గడియ తీశాడు.