నూకాలు అడిగిన సీతాకోకచిలుకలు

కాళ్ళు ముడుచుకుని పడుకో తల్లీ. దుప్పటి తన్నెయ్యకు. ఇది దిగులు కథ, ముందే చెప్తున్నా. మధ్యలో ఏడిచావంటే ఆపేస్తాను.

అనగా అనగా, కొండకీ ఏటికీ మధ్య ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో పైడయ్య అని ఒక కూలి మనిషి ఉండేవాడు. అతనికి ఒక్కతే కూతురు, పేరు నూకాలు. తల్లి లేని పిల్ల. నీ అంతే ఉండేది, నీలాగే వాగుడుకాయ.

ఆ పిల్లకి ఒక ఏడాది కళ్ళు మసకేశాయి. ముందు కొండ కనపడటం మానేసింది. ఆ తర్వాత ఎదురింటి గుమ్మం కనపడటం మానేసింది. ఆ తర్వాత, అన్నం కలిపి పెట్టే నాన్న ముఖం కూడా బాగా దగ్గరికొస్తే తప్ప ఆనేది కాదు.

అప్పుడు పైడయ్య కూతుర్ని భుజాన వేసుకుని, ఆకుమందులిచ్చే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన కనురెప్పలు ఎత్తి చూశాడు. పైడయ్యని పక్కకి పిలిచి, "వానాకాలం వెళ్ళేసరికి ఈ చూపు పోతుంది నాయనా. నా దగ్గర మందు లేదు. పిల్లకి ఏం చూపించాలనుకున్నావో ఈలోగా చూపించెయ్" అన్నాడు.

తిరిగొచ్చే దారిలో పైడయ్య కూతుర్ని అడిగాడు. "తిరనాళ్ళకి తీసుకెళ్ళనా అమ్మా? సముద్రం చూపించనా?"

"సీతాకోకచిలుకలు చూస్తాను నాన్నా. బోలెడు. నా ముక్కు దగ్గరికి రావాలి. దూరంగా ఎగిరితే నాకు కనపడవు" అంది నూకాలు.

సముద్రం అడిగి ఉంటే ఎంత తేలికయ్యేది, చెప్పు. బండెక్కించి తీసుకెళ్ళేవాడు. అయినా సరేనన్నాడు.

పైడయ్యకి పూలతోటల సంగతి ఏం తెలుసు? పార పట్టడం తెలుసు. పెద్ద బంగళాలో తోటమాలిని బతిమాలి ముద్దగులాబీలు, ముద్దమందారాలు తెచ్చి అరుగు ముందు పాతాడు. పూలు గుప్పెడంత పూశాయి. ఒకటీ అరా సీతాకోకచిలుకలు వచ్చి, ఆ రేకుల మధ్య దారి వెతుక్కుని, తేనె దొరక్క వెళ్ళిపోయాయి.

ఆ తర్వాత సంతకెళ్ళి, రంగురంగుల ఆకుల క్రోటన్లు కొనుక్కొచ్చాడు. ఊళ్ళో వాళ్ళందరూ వచ్చి చూశారు. సీతాకోకచిలుకలు మాత్రం ఆ వైపు కూడా రాలేదు.

అప్పుడు పైడయ్య పని మానుకుని, అసలు ఇవి ఎక్కడికి పోతున్నాయా అని వాటి వెనకాలే తిరిగాడు. అవి గట్ల మీదకి, తుప్పల్లోకి, పెరళ్ళలో నిమ్మ, కరివేపాకు చెట్ల మీదకి పోతున్నాయి. మర్నాడు అతను తంగేడు తెచ్చాడు, వావిలి తెచ్చాడు, జిల్లేడు తెచ్చాడు. వాటి పక్కనే నిమ్మ మొక్కా, కరివేపాకు మొక్కా నాటాడు. పొరుగింటి సూరమ్మ పగలబడి నవ్వింది. "జిల్లేడు ఎవరైనా ఇంట్లో పెంచుతారా పైడయ్యా? మతి పోయిందా నీకు?" అంది. నవ్వనీ. పైడయ్య పట్టించుకోలేదు.

వానలు పడ్డాయి, మొక్కలు చిగురేశాయి. అప్పుడు నిజంగానే కొన్ని సీతాకోకచిలుకలు వచ్చాయి. కానీ నిలవలేదు. ఆకుల అడుగున తోక ఆనించి, హడావిడిగా వెళ్ళిపోయాయి. నూకాలుకి రెపరెపలాడిన నీడ తప్ప ఏమీ కనపడలేదు.

"మిగతా వాటిని పిలవడానికి వెళ్ళాయమ్మా" అన్నాడు పైడయ్య.

ఆ తర్వాత మొక్కలకి పురుగు పట్టింది. కరివేపాకు మీద పురుగు, నిమ్మ మీద పురుగు, జిల్లేడు మీద చారల చారల పురుగు. పైడయ్య ముంతలో బూడిద నీళ్ళు కలుపుకుని, పొద్దున ఏరాడు, మధ్యాహ్నం ఏరాడు, సాయంత్రం ఏరాడు. ఏరిన ప్రతి పురుగునీ ఆ నీళ్ళలో ముంచేశాడు.

"పాపం నాన్నా, వదిలెయ్" అంది నూకాలు.

"వదిలితే చెట్టు ఉండదమ్మా. చెట్టు లేకపోతే నీ సీతాకోకచిలుకలు ఎలా వస్తాయి?" అన్నాడు.

నీకు తెలుసులే, బళ్ళో చెప్పారు. వాడికి ఎవరు చెప్తారు? నాకు పైడయ్య మీద భలే కోపం వస్తుంది. అంతలోనే జాలేస్తుంది. అంత ప్రేమగా ఎవరైనా చెట్టుకి పురుగులు ఏరతారా?

వానాకాలం వెళ్ళిపోయింది. నూకాలు రోజూ అరుగు మీద కూర్చుని, ఆకుల్లోకి ముఖం పెట్టి చూసేది. ఒక రోజు నిద్ర లేచి, "నాన్నా, ఇంకా తెల్లారలేదా?" అని అడిగింది. అప్పటికి వాకిలంతా ఎండ.

ఆ రోజు నుంచీ పైడయ్య మొక్కల వంక చూడలేదు. ఇంకెవరి కోసం చూస్తాడు? ముంత మూల పడేశాడు. పురుగులు ఆకులన్నీ తినేశాయి. ఈనెలు మిగిలాయి.

కొన్నాళ్ళకి ఒక పొద్దున, నూకాలు అరుగు మీద నుంచి పిలిచింది. "నాన్నా, నా చేతి మీద ఏదో వాలింది. బరువే లేదు."

పైడయ్య బయటికొచ్చాడు. తంగేడు పూల మీద సీతాకోకచిలుకలు, వావిలి మీద సీతాకోకచిలుకలు, పిల్ల జుట్టు మీద సీతాకోకచిలుకలు. మోడైన కరివేపాకు కొమ్మకి ఒక ఎండిన గూడు వేలాడుతోంది. అది చీలింది. లోపలి నుంచి తడి రెక్కలు బయటికొచ్చాయి. దాని పక్కన ఇంకో పురుగు, సన్నటి దారంతో తనని తాను కొమ్మకి కట్టుకుని ఉంది. పైడయ్య దీన్ని చూశాడు, దాన్ని చూశాడు. ఇన్నాళ్ళూ ముంతలో ముంచింది ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. అక్కడే కూలబడ్డాడు.

"ఇవి సీతాకోకచిలుకలే కదా నాన్నా? మరి ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. పైడయ్య తప్పించుకోలేదు. "వచ్చాయమ్మా. పురుగులై వచ్చాయి. నేనే చంపేశాను" అని ఏడ్చాడు.

నూకాలు చెయ్యి కదపలేదు. వాలిన సీతాకోకచిలుక ఆ పిల్ల వేలి మీద మెల్లగా నడుస్తోంది.

"ఇది ఏ రంగు నాన్నా?"

"నలుపమ్మా. అంచున తెల్ల చుక్కలు."

"నలుపైతే నాకు కనపడుతోందిలే నాన్నా. ఏడవకు" అంది నూకాలు.

తెల్ల చుక్కల ఊసు ఎత్తలేదు ఆ పిల్ల, చూశావా. ఇటు రా తల్లీ, నా పక్కన పడుకో. ఏడిస్తే ఆపేస్తానన్నాను కదా, ఇంక ఆపడానికి కథ లేదు.

కథ నడిచి కంచికెళ్ళె,
కన్నీళ్ళు కొంగుకెళ్ళె,
బంగారు తల్లి కళ్ళు
మెల్లగా నిద్దర్లోకెళ్ళె.