పుస్తకశాలలో చిక్కిన దివాన్

అచ్చు పుస్తకాలు ఇంకా పుట్టని కాలం. సాయంత్రమైతే ఏ అరుగు మీద చూసినా గవ్వల గలగల, చింతపిక్కల చప్పుడు. ఒక్క రాజుగారి పుస్తకశాల అరుగే బోసిగా ఉండేది. లోపల తాటాకు కట్టలు బోలెడున్నా చదివే కుర్రకారు లేదు. అక్కడ ఊడ్చి దీపం పెట్టే చెంగమ్మ అది చూడలేక, ఒకనాడు ఆ అరుగు మీద పులిమేక పటం గీసింది. ఇంకేముంది, కుర్రకారంతా అక్కడే!

గోల విని దివాన్ వీరభూపతి వచ్చాడు.

"సరస్వతి కొలువులో ఆటలా? రేపటి నుంచి ఇది మిరపకాయల కొట్టు. తాళం వేసెయ్!"

"అట్లాగే దొరా," అంది చెంగమ్మ. "పోయేముందు ఒక్క ఆట ఆడండి. పులులు మీవి, మేకలు నావి."

అందరూ చూస్తుంటే కాదనలేక దివాన్ కూర్చున్నాడు. కాసేపటికే ఆయన పులులన్నీ కదల్లేకుండా చిక్కుకుపోయాయి.

"ఇక్కడ ఓడినవాళ్ళు లోపలికెళ్ళి, తప్పించుకునే ఎత్తు చదివి రావాలి దొరా. ఎవరికైనా అదే కట్టుబాటు. ఈ వేటగాడి కథలో ఉంది," అంటూ చెంగమ్మ ఒక తాటాకు కట్ట అందించింది.

విసవిసా లోపలికెళ్ళిన దివాన్ ఎంతకీ బయటికి రాలేదు. చీకటి పడ్డాక చెంగమ్మ దీపం తీసుకెళ్ళి, "తాళం వేసెయ్యమంటారా దొరా?" అంది.

ఆయన తలెత్తలేదు. "ఉండవే! ముందు ఆ వేటగాణ్ణి గుహలోంచి బయటపడనీ!"

"ఆ కుర్రాళ్ళదీ రోజూ ఇదే మాట దొరా," అంది చెంగమ్మ.

మిరపకాయలు వేరే చోటు వెతుక్కున్నాయి. అరుగు మీద గీతలు చెరిగినప్పుడల్లా ఆ తర్వాత చాలాకాలం ఎవరో ఒకరు మళ్ళీ గీస్తూనే ఉన్నారట.